కోక కట్టుకుని పాలు పిండిన సంగతి

నా పేరు ఏసన్న. తండ్రి పేరు ఏసేపు, కాలం చేశాడు. వయసు నలభై దాటింది, ఎంత దాటిందో పాదిరిగారి పుస్తకంలో ఉంటుంది. కాపురం ఎర్రగుంట్లకు పడమర, గుంటపల్లె. నాపరాయి గనిలో కూలి, కొంచెం మెట్ట చేను, ఒక ఎనుము. ఆ ఎనుము నాదే. ఈ మాట పొద్దుటి నుంచి చెబుతూనే ఉన్నాను.

ఈ రోజు, అంటే 1955 ఆగస్టు 9, మంగళవారం తెల్లవారుతుండగా నేను నా కొట్టంలో నా భార్య కోక కట్టుకుని పాలు పిండుతున్నాను. ఎందుకు కట్టుకున్నావని అడుగుతున్నారు. ఇప్పటికే ముగ్గురికి చెప్పాను, మళ్ళీ చెబుతాను.

నా భార్య విశ్వాసమ్మ ఈస్టరు అయిన వారంలో విషజ్వరంతో చనిపోయింది. ఆ ఎనుమును పుట్టింటి నుంచి పెయ్యగా తోలుకొచ్చింది ఆమే. ఆమె తప్ప ఇంకెవరూ పొదుగు ముట్టలేదు. దూడ కూడా అంతకుముందే చచ్చింది. ఆమెను మట్టి చేసి వచ్చాక ఎనుము పాలు చేపలేదు. నేను కూర్చుంటే తన్నింది. అప్పుడు మా వదిన జ్ఞానమణి, "సిగ్గుపడితే పాలొస్తాయా అప్పా? నీ పెండ్లాం కోక కట్టుకోని కూసో. దానికి వాసన గావాల" అంది. మా వైపు ఇది కొత్త కాదు. కట్టుకున్నాను, చేపింది. మిగతా కోకలు పంచిపెట్టాను. ఆ ఒక్కటి ఉంచుకున్నాను, వాసన పోతుందని నీళ్లకు చూపించలేదు. ఎవరైనా చూసి నవ్వుతారని పల్లె లేవకముందే పిండుకునేవాణ్ణి.

తలారి ఈరప్ప మా ఊరికి కొత్త. ఎనుముల దొంగలు తిరుగుతున్నారని కాపలా కాస్తున్నాడట. "ఎవుర్రా అది? మీసాలుండే ఆడమనిషి యాడుందిరా?" అని మీద పడ్డాడు.

"నా ఎనుముకు నేను పిండుకుంటాండా, నీకేమైందప్పా?" అన్నాను.

"నీదైతే కోకెందుకు కట్టుకుంటివి?" అన్నాడు.

దానికి ఒక్క ముక్కలో జవాబు ఉంటే చెప్పేవాణ్ణే. ఎనుము పలుపు విప్పి నా చేతులు కట్టాడు. ఒకే కట్టెతో ఇద్దరినీ ఈ పోలీసు స్టేషనుదాకా తోలాడు. ఇక్కడ కోకను సాక్ష్యమని విప్పించి పెట్టుకున్నారు. వదిన వచ్చి ఎనుము నాదేనని చెబితే, బంధువుల సాక్ష్యం చెల్లదన్నారు. పల్లెలో మిగతావాళ్ళు గనికి పోయారు.

ఎనుమును స్టేషను ముందు వేపచెట్టుకు కట్టారు. పొద్దుటి నుంచి పొదుగు బిగిసి అరుస్తూనే ఉంది. పొదుగు చెడితే ఎనుము చెడినట్టే అని ఎంత మొత్తుకున్నా ఒకరూ వినలేదు. ఒక కానిస్టేబులు పిండబోతే తన్నింది, చెంబు సొట్టపోయింది. ఇంకొకరి ఇంటావిడ తవుడు పెట్టి చూసింది. తవుడు తినింది, పాలివ్వలేదు. చివరికి నేనే అన్నాను, ఆ కోక ఇవ్వండి, మీ ఎదుటే పిండుతాను, చేపకపోతే జైలుకు పంపండి అని. హెడ్డు కానిస్టేబులుగారు సరేనన్నారు.

కోక తెచ్చారు. తడిగా ఉంది. పేడకంపు కొడుతోందని చాకలికి వేయించారట. చవుటిమన్ను వాసన తప్ప దానిలో ఏమీ లేదు. సాక్ష్యానికి పట్టుకున్న గుడ్డను ఉతుకుతారా సామీ అని అడిగితే, "నాకు చట్టం నేర్పిస్తాండావా?" అన్నారు హెడ్డుగారు.

ఆ తడి కోకే కట్టుకుని కూర్చున్నాను. ఎనుము కొంగు వాసన చూసి, బుస కొట్టి, మొగం తిప్పుకుంది. అయిపోయిందనుకున్నాను. తర్వాత మెడ ఇటు వంచి నా చంకలో మూతి పెట్టింది. చాలాసేపు పెట్టింది. చేపింది. సొట్ట చెంబు నిండి పొర్లింది.

"నీదేలేప్పా ఎనుము, తోలుకోని పో" అని హెడ్డుగారు నవ్వారు. ఎనుము దక్కితే ఏడుస్తావెందుకు, అది కూడా రాయించమంటున్నారు. రాసుకోండి. అది ఆమె వాసనకు చేపుతోందని ఇన్నాళ్ళూ నమ్మాను. అది నా వాసనకే చేపుతోంది. ఆమె కోసం వెతకడం ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు.

కోక విప్పి పెడితే, తీసుకుపొమ్మన్నారు. ఇంక దానితో పనిలేదన్నాను. గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి అడిగి తీసుకున్నాను.

రైటరుగారు ఇదంతా చదివితే విన్నాను. నేను చెప్పిందే ఉంది, కల్పించిందేమీ లేదు.

ఏసన్న, ఎడమ బొటనవేలి ముద్ర.