హన్మవ్వ పాట, రెండు డబ్బాలు

ఏంది స్నేహలతా, గా రేడియో దిక్కు అట్ల సూస్తున్నవ్? కొత్తదే. ఇంట్ల డిష్షు ఉండంగ ముసలోనికి గిదెందుకని కదా నీ నవ్వు? నవ్వు, నవ్వు. కూసో, చెప్త. మా హన్మవ్వను నువ్వు సూడలే, నువ్వు పుట్టకముందే పోయింది. నా భార్య. ఇరువై రెండేండ్లాయె. మన బోధన్‌ల గామె లెక్క బీడీలు చేసుకుంట పాడేటోళ్లు లేకుండె. ఒళ్లె ఆకుల చాట ఉండాలె, కత్తెర ఆడాలె, తునికాకు తెగుతుండాలె, గప్పుడే నోట్లకెళ్లి పాట వస్తది. ఒట్టి చేతులతోని పాడుమంటే గొంతు పట్టుకపోయేది. ఒకపారి రేడియోళ్లు పిలిచిండ్రు, బీడీల పాటలు రికార్డు చేస్తమని. నేనే నిజామాబాద్‌కు తోల్కపోయిన. గా ఆఫీసరు పుస్తకం సదివినట్టు, “అమ్మా, ఆ చేట, కత్తెర బయట పెట్టి రండి, శబ్దం వస్తుంది” అన్నడు. ఈమె లోపటికి పోయి నోరు తెరిచింది, పాట లేదు! మూడుసార్లు సూసిండు, ఇగ ఆయనే నెత్తి గోక్కొని చాట, కత్తెర తెప్పిచ్చిండు. నన్ను మాత్రం రానియ్యలే. బయటనే నిలవెట్టిండ్రు.

గా ఒక్క పాట తప్ప ఆమె గొంతు ఇంకెక్కడ లేదు బిడ్డా. మా దగ్గర టేపు ఎక్కడిది గప్పుడు? నా చెవులల్ల ఉన్నదే ఉన్నది. మొన్న ఐతారం పొద్దుగాల డిష్షు టీవీల రేడియో చానల్ పెట్టుకొని కూసున్న. పాత పాటలు వేస్తుండ్రు. ‘బోధన్ హన్మవ్వ’ అన్నడు సూడు, కుర్సీలకెళ్లి లేసి నిలవడ్డ. పాటైతే గదే. గొంతు ఆమెది కాదు! సన్నగ, రేకు డబ్బాల కూసొని పాడినట్టు. కత్తెర సప్పుడు లేనే లేదు. నేనే మర్సిపోయిన్నేమో అనుకున్న. ఇన్నేండ్ల సంది ఎవలిదో గొంతు తలుసుకొని గిదే హన్మవ్వది అనుకుంట బతికిన్నేమో. ఏడ్సిన, నీ దగ్గర దాసుడెందుకు. తెల్లారి నిజామాబాద్‌ల కంఠేశ్వర్ దిక్కు పోయి చెవుల డాక్టర్‌కు సూపెట్టుకున్న. ఆయనేమో, “చెవులు మంచిగున్నయ్ పెద్దాయనా, బేఫికర్ ఉండు” అన్నడు. ఏం బేఫికర్? చెవులు మంచిగుంటే పాడైంది నా యాదే కదా! ఇంకింత బుగులైంది.

గాడనే మా రాజశేఖర్ ఇల్లు. నాతోని నౌకరి చేసిండు, రేడియోలంటే పిచ్చి. ఏ సంగతైనా మాస్టరు లెక్కనే చెప్తడు. “భూమన్నా, గా డిష్షు చానల్‌కు జాగ తక్కువిస్తరు. పాటను పిండి పిండి పంపుతరు. సన్న సప్పుళ్లన్ని దారిలనే రాలిపోతయ్. నా దగ్గరున్న డిజిటల్ రేడియోల ఇను, గప్పుడు ఏడువు” అన్నడు. బుధారం మద్యాన్నం మల్ల గదే పాట ఉన్నదంటే ఆయనింటికి పోయిన. అటు టీవీ, ఇటు రేడియో, రెండూ పెట్టిండు. ఒకదాని నోరు మూసుడు, ఒకదాన్ని ఇనిపిచ్చుడు. టీవీలనేమో గదే రేకు గొంతు. రేడియోల... హన్మవ్వ! ఆకు దుమ్ముకు గొంతుల జీర ఉంటుండె, గా జీరతోని సహా వచ్చింది. కత్తెర టక్కు టక్కుమంటుంది. నేనేం మర్సిపోలే బిడ్డా! నా దగ్గరున్నది అసలుదే. ఎంత నిమ్మలమైందో, రాజశేఖర్ చెయ్యి పట్టుకొని ఇడువలే.

ఇంకోటి. పాటైనంక టీవీల బుస్సుమంటది, గంతే. రేడియోల ఆమె మాట ఇనవడ్డది. మెల్లగ ఆఫీసరుతోని అంటుంది: “అయిపోయిందా సారూ? మా ఆయన పొద్దటి సంది ఏం తినలే, బయట నిలవడ్డడు.” గా దినం నేనేమో, గింతసేపు లోపట ఏం చేసినవే అని దారి పొడుగునా కోపం చేసుకుంటనే వచ్చిన. ఆమె ఒక్క మాట ఎదురు అనలే, బస్సుల కూసున్నది...

నువ్వు తిన్నవా, బిడ్డా?