ఇద్దరిదీ ఒకే జవాబు

హలో… ఆ, నేనే. మీ మేడమ్‌నే నాయనా. ఆదివారం పూట ఫోనేంటని హడలిపోకు…

ఏంటా రొద? బట్టల మిషనా? కట్టెయ్. నీ గొంతు నాకు సరిగ్గా వినబడాలి.

…ఆ, ఇప్పుడు బాగుంది. మీ ఆవిడ ఉందా?… పొద్దున్నే వెళ్ళిందా? ఎక్కడికో చెప్పలేదూ?… సరేలే, వస్తుంది.

శుభవార్త చెబుదామని చేశాను. మీ ఆలుమగల లెక్కలు రెండూ కలిశాయి… చివరి అంకె దాకా!… అవును మరి, నాలుగేళ్ళ చాకిరీ. నిన్న మా చెల్లెలు అడిగింది, 'ఇన్నేళ్ళుగా ఏం వెలగబెడుతున్నారే మీరంతా' అని. మ్యూయాన్ అని అణువుకన్నా చిన్న రేణువు, ఓ చిట్టి అయస్కాంతం ఉందే, క్వార్కులనే ఇంకొన్ని రేణువులు చేసే అల్లరికి దాని బలం వెంట్రుకవాసి మారుతుంది, ఆ వెంట్రుకవాసి ఎంతో తేల్చడానికి ఖాళీ స్థలాన్ని గళ్ళు గళ్ళుగా కోసి కంప్యూటర్లతో లెక్కేయిస్తున్నాం అన్నాను. 'దానికి ఇంతమందా!' అని నోరెళ్ళబెట్టింది… నవ్వు, నవ్వు. నవ్వాల్సిన మాటే.

అన్నట్టు, చిన్న ప్రశ్న. మీకు డేటా ఇచ్చేముందు నేనో రహస్య సంఖ్యతో గుణించి ఇస్తాను కదా. ఎందుకు?… నీకు తెలుసని నాకూ తెలుసు. చెప్పు… ఆ. అసలు జవాబు ముందే కనబడితే మనసు అటే లాగుతుంది. కళ్ళకి గంతలు కట్టుకుని చెయ్యాల్సిన లెక్క ఇది. బాగా చెప్పావు. అందుకేగా మిమ్మల్ని చెరో జట్టులో వేసి, ఇంట్లో కంచాల ముందు కూడా ఆ అంకె ఊసెత్తొద్దన్నాను… ఎత్తలేదూ. మంచిది.

మరి ఇద్దరికీ ఒకే సంఖ్యతో గుణించి ఇచ్చానని నీకెవరు చెప్పారు?

…

ఏం పడేశావక్కడ?

…అవును. నీకో సంఖ్య, ఆవిడకో సంఖ్య. ఎవరి పని వాళ్ళు చేసుంటే మీ జవాబులు కలవకూడదు బాబూ. కలిశాయంటే, ఒకరు ఇంకొకరి తెర మీదకి తొంగిచూసి, తమ లెక్కని కొంచెం కొంచెం అటు తోసుకుంటూ వచ్చారు… చివరి అంకె దాకా యాదృచ్ఛికమా? చెవిలో పువ్వు పెట్టకు.

ఏడవకు. నేనేం అరవడం లేదుగా. ఒక్కటే అడుగుతున్నా — నువ్వా, ఆవిడా?

…ఆలోచించుకునే చెప్పు. తొందరేం లేదు.

…ఏంటీ? సగంలో మింగకు. వాక్యం పూర్తిగా అను… 'మా ఆవిడే నాది చూసి వేసింది.' అంతేనా? ఇంకేం చేర్చవు కదా?… ఊఁ.

ఇప్పుడు నేను చెబుతా, విను. నీకు ఫోన్ చేసేముందు ఆవిడని నా గదికి పిలిపించాను. ఇదే ప్రశ్న. 'నేనే చూశాను మేడమ్, ఆయనకేం తెలీదు' అంది.

…అవును, అంది. చూశావా, ఇద్దరూ విడివిడిగా చెప్పారు, మళ్ళీ ఒకే జవాబు!

…ఆగాగు. ఇప్పుడు నిజం చెబుతానంటావేంటి? నిజం నాకు తెలుసులేవయ్యా. పొద్దున్నే ఎవరి సంఖ్యతో వాళ్ళ జవాబుని భాగించాను. ఆవిడది వేరేవాళ్ళు వేసిన పాత లెక్కల పక్కన బుద్ధిగా కూర్చుంది. నీది ఊరవతల పడింది. ఆవిడ జవాబు కాపీ కొట్టి నీ సంఖ్యతో భాగిస్తే అంతేగా.

…దిద్దుకుంటావా? నాలుగేళ్ళుగా నీకు నేర్పిందేంటి? గంతలు విప్పాక జవాబు ముట్టుకోకూడదు. ఏదొస్తే అదే అచ్చుకి. నువ్వు చెప్పిందీ, ఆవిడ చెప్పిందీ, రెండూ విచారణ కమిటీకి వెళ్తాయి.

…పోయేది ఆవిడ ఉద్యోగమే, ఇంకెవరిది? తప్పు లెక్క వేసినవాణ్ణి తిట్టో కొట్టో దార్లో పెట్టుకోవచ్చు. సరైన లెక్క చేసి, కాపీ కొట్టానని నా మొహం మీదే అబద్ధం చెప్పినదాన్ని నేనేం చేసుకోను?… నువ్వుంటావు. నిన్ను పంపించేస్తే నీకు హాయి. రేపట్నుంచి ఆవిడ కుర్చీలో కూర్చుని ఆవిడ లెక్కే మొదటినుంచి చెయ్యి. రోజూ, నా కళ్ళెదురుగా.

…ఫోన్లో కాళ్ళు పట్టుకోవడం కుదరదు నాయనా.

ఇంకోటి. ఆవిడ లేచి వెళ్ళేటప్పుడు 'నీ మొగుడేమంటాడో చూద్దామమ్మా' అన్నాను. నవ్వింది, పిచ్చిది. 'ఆయన నా పేరు చెప్పడు మేడమ్' అంది… అందుకే, నువ్విటు ఏడుస్తుంటే అటు మెసేజ్ పెట్టాను. ఒక్క మాటే. 'చెప్పాడు' అని.

…అదేంటి, బెల్లా? వచ్చినట్టుంది. తాళంచెవి మర్చిపోయిందేమో… లేదా? దగ్గరే ఉంటుందా ఎప్పుడూ?

మరి బెల్లెందుకు కొడుతోంది?

…వెళ్ళు. తలుపు తియ్యి. పెట్టేస్తున్నా.