జ్ఞానయ్య చెప్పిన పురుగు

ఆకివీడు దగ్గర చేపపిల్లల చెరువు గట్టు మీద, కాపలాదారు జ్ఞానయ్య కూతురు యజమాని ముందు ఒక గాజు సీసా పెట్టింది. ఆమె కాలేజీలో జువాలజీ చెబుతుంది.

"ఏంటమ్మా ఈ నల్ల పురుగు?"

"తూనీగ పిల్లండీ. రెక్కలొచ్చేదాకా నీళ్లలోనే పెరుగుతుంది. పొద్దున మీ చెరువులో వల వేస్తే వందల్లో పడ్డాయి. ఇదిగో, చేపపిల్లని వదులుతున్నాను, చూడండి."

"కదలడమే లేదే... అమ్మో! నోట్లోంచి చెయ్యి వచ్చిందేంటి?"

"అది చెయ్యి కాదండీ, కింది పెదవి. గడ్డం కింద మడిచి పెట్టుకుంటుంది. చివర కొక్కేలుంటాయి. చేప దగ్గరికి రాగానే విసిరి పట్టేస్తుంది."

"బతికుండగానే నమిలేస్తోంది!"

"తోక ఇంకా కొట్టుకుంటోంది చూడండి."

"అయితే నా చేపపిల్లలన్నీ..."

"ఇవే తిన్నాయండీ. మా నాన్న దొంగతనంగా అమ్ముకోలేదు."

"నాకేం తెలుసమ్మా? ఎవరూ చెప్పందే!"

"నాన్న చెప్పారండీ. పురుగులు తినేస్తున్నాయండీ అని ఆయన అంటుండగానే మీరు తెడ్డుతో కొట్టారు. చెయ్యి రెండు చోట్ల విరిగింది."

"కోపంలో జరిగిపోయింది. మళ్లీ పనిలోకి రమ్మను."

"రారండీ. ఆయన దొంగ కాదని మీ కళ్లతో చూపించడానికే వచ్చాను. కొట్టినదానికి జవాబు స్టేషన్లో చెప్పండి. ఎస్సైగారు మిమ్మల్ని రమ్మన్నారు."