ఏంబలం బావి చుక్క

సభాధ్యక్షులు అనంతరామన్ గారికి, ముందు వరుసలో ఉన్న పెద్దలకు, వెనక వరుసలో కూర్చుని బోండాల వాసన పడుతున్న మిత్రులకు నమస్కారాలు. (నవ్వులు)

నూకరాజు గీసిన గ్రాఫులో వంకరన్నది ఉండదని త్రిమూర్తులు గారు ఇందాక నన్ను ఆకాశానికెత్తేశారు. నిజమేనండీ, యానాం నుంచి వచ్చి ఇరవై ఆరేళ్ళు ఈ గణాంక శాఖలో బావుల నీటిమట్టాలు గీశాను, ఒక్క వంకర లేదు. ఎందుకు లేదో, రిటైరవుతున్న ఇవాళైనా చెప్పాలి. ఏ బావి లెక్కయినా పక్క బావులతో కలవకపోతే, కొలిచినవాళ్ళే పొరబడ్డారనుకుని పెన్సిలుతో దిద్దేయడం మా సెక్షన్ ఆచారం. నా పైవాళ్ళు నాకు నేర్పారు, నేను త్రిమూర్తులు గారికి నేర్పాను. (నవ్వులు) తల దించుకోకండి సార్, తప్పు నాదే.

ఏంబలం అనే పల్లెలో మన శాఖ తరఫున బావి కొలిచే అమ్మాయమ్మ గారు, నీళ్ళు నలభై అడుగుల లోతున ఉన్నాయని మూడేళ్ళు రాసి పంపారు. చుట్టుపక్కల బావులన్నీ ఇరవై. నేను ఆ మూడేళ్ళూ నలభైని ఇరవై రెండు చేశాను. అది చాలదన్నట్టు, అజాగ్రత్తగా కొలుస్తున్నారని ఆవిడకు మెమో ఇచ్చాను.

పోయినేడు మాకు కంప్యూటరు వచ్చింది. అంకెలు ఎక్కిస్తే తెరమీద బావికో చుక్క పెట్టే ప్రోగ్రాం అందులో ఉంది. మన సెక్షన్ హేమావతి నేను దిద్దిన రిజిస్టరు పక్కన పడేసి, ఊళ్ళ నుంచి వచ్చిన అసలు కార్డులే ఎక్కించింది. చుక్కలన్నీ గుంపుగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం ఎక్కడో కింద. "అది తప్పమ్మా, తీసెయ్" అన్నాను.

"ఏంది సార్, ఆ బావి యాడుందో పోయి చూడకనే తీసేస్తారా?" అంది.

ఒళ్ళు మండింది. సంగతేమిటో తేల్చేద్దామని మర్నాడే ఇద్దరం బస్సెక్కాం.

అమ్మాయమ్మ గారు మమ్మల్ని బావి దగ్గరికి తీసుకెళ్ళి టేపు నా చేతికిచ్చారు. నేనే దింపాను. నలభై ఒకటి! పక్క తోటలో మూడేళ్ళ కిందట పెట్టిన మోటారు నీళ్ళన్నీ లాగేస్తోంది.

"మూడేండ్లుగా రాస్తానే ఉండాను సామీ, ఎవురూ రాలే" అన్నారావిడ.

సిగ్గుతో చచ్చిపోయాను.

అసలు లెక్క పైకి పంపాక, ఆ బావి ఉన్న వీధికి పోయిన నెల కుళాయి వచ్చింది, సంతోషమే. మెమో మాత్రం ఫైల్లో అలాగే ఉండిపోయింది. అమ్మాయమ్మ గారూ, స్తంభం చాటున దాక్కోకండి, ఇలా రండి. ఇవాళ మధ్యాహ్నం ఉద్యోగంలో నేను పెట్టిన ఆఖరి సంతకం, మీ మెమో రద్దు చేసిన కాగితం మీద. మీరు సరిగ్గానే కొలిచారు. నేనే చెడగొట్టాను. నన్ను క్షమించండి. (చప్పట్లు)

వచ్చిన మీ అందరికీ చేతులెత్తి దండం. ఏంబలం బస్సుకు టైమవుతోంది, ఆవిణ్ణి నేనే ఎక్కించి రావాలి. మరి సెలవు.