చింతపండు ముద్దలో సెన్సర్

కేతేపల్లిలో ఒక ఇంటి ముందు గది. పాలైసులు చేసి అమ్మే ఇల్లాలు, నకిరేకల్ నుంచి వచ్చిన మెకానిక్, వాళ్లిద్దరి మధ్య మూత తెరిచిన ఫ్రీజర్.

“మూడు దినాలసంది ఐసులన్నీ కరిగి పాలైతున్నయి భాయ్. ఇయ్యాల బాగుకాకుంటే దీన్ని అమ్మేస్తనంటున్నడు మా ఆయన.”

“మీద మైనస్ పద్దెనిమిది చూపిస్తాంది గద అక్కా?”

“గదే మరి. అది సల్లగున్ననంటది. అత్తమ్మేమో నేను దినానికి నలభైసార్లు మూత తీస్తనంటది. ఇద్దరితోని నేను వాదించలేను.”

“సెన్సర్ పోయినట్టుంది. వంటింట్ల ఫ్రిజ్‌లకెల్లి జర ఐసు తెచ్చి గ్లాసెడు నీళ్లల్ల వెయ్యి. సెన్సర్ గండ్ల ముంచితే సున్నా చూపియ్యాలె. అరే, దీని వైరు గీ సంచిలకు పోయిందేంది?”

“అయ్యో, అది అత్తమ్మ మూడు దినాల కింద పెట్టిన కొత్త చింతపండు. నల్లబడొద్దని ఏటా దాస్తది. యేలాడే వైరు అడ్డమొస్తాందని ముద్ద నడుమ కుక్కినట్టుంది.”

“ముద్ద రాయిలెక్క గడ్డకట్టింది, జల్ది సల్లదనం ఇడ్వది. గండ్ల కూసున్న సెన్సర్‌కు లోకమంతా సల్లగున్నట్టే కొడ్తాంది, మిషిన్ బందైతాంది. ఇగో, గుంజి తీసి ముంచిన, ఐసునీళ్లల్ల సున్నా చూపిస్తాంది. సెన్సర్ మంచిగుంది. మళ్ల లోపటి గోడకున్న క్లిప్పుకు పెట్టిన, ఇగ ఫికర్ లేదు.”

“బతికించినవ్ భాయ్. అత్తమ్మ అడిగితే క్లిప్పు ఊడిందని చెప్పు. చింతపండు ముచ్చట తియ్యకు.”

“నిన్ను మూడు దినాలు తిట్టింది గద అక్కా!”

“తిట్టింది. గందుకే ముద్దను వైరు బొక్క కనవడేటట్టు వంటింట్ల ఆమె కూసునే పీట ముందల పెడ్త, ఒక్క మాటనను. నలభైసార్లన్న లెక్క ఇగ ఈ ఇంట్ల ఎవ్వరూ ఎత్తరు.”