కుళాయికి నేను వేసిన ఎర్తు

"ఆ ఇంట్లో గది తీసుకోవాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నావా తమ్ముడూ? నేనుండే ఇల్లయ్యా అది. ఎన్ని కాపురాలున్నా అందరికీ కలిపి ఒకటే వంటగది, ఒకటే స్నానాలగది. ఒకప్పుడు కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమనేది, నిజమే, దాచను. మరిప్పుడో? నేను చెయ్యి వేశాక ఆ కుళాయి నోరెత్తితే ఒట్టు."

టీకొట్టు బల్ల మీద ఎలక్ట్రీషియన్ కాలు మీద కాలేసుకున్నాడు. పక్కన దర్జీ, చేతిలో ఆ గది తాళంచెవి. రేపు పెళ్లాన్నీ నెలల పాపనీ తీసుకురావాలి, ఈ పూట ఏదో ఒకటి తేల్చుకోవాలి.

"అసలేం చేశావన్నా?"

"బాండింగు. అంటే ఏం లేదు, నీళ్ల గొట్టం, గ్యాసు గొట్టం, గీజరు, ఇలా ఇంట్లో ఇనుమన్నదాన్నంతా ఒకే ఎర్తు వైరుతో కలిపి కట్టెయ్యడం. అప్పుడు ఎక్కడ కరెంటు లీకైనా, అది మనిషి జోలికి రాకుండా నేలలోకి పోతుంది. అద్దెలకిచ్చే ఇంటికి అది లేకపోతే కరెంటు ఇన్‌స్పెక్టరు తాళం వేస్తాడు. ఇంటాయన గడ్డం పట్టుకుని బతిమాలితే సరే కదా అని వెళ్లి, గొట్టానికి ఆ వైరుని పట్టి ఉంచే క్లాంపు ఇలా బిగించా. కొత్తగా వేసిన నీలం రంగు, నిగనిగలాడుతోంది, దాని మీదే బిగించా."

"రంగు గీకకుండానా?" టీకొట్టాయన గిన్నె దించుతూ అడిగాడు. "మధ్యలో రంగుంటే కరెంటు వైరులోకి ఎలా పోతుంది?"

"మామూలు వాళ్లు బిగిస్తే పోదు. బిగించింది నేను. ఇన్‌స్పెక్టరొచ్చి మీటరు పెట్టాడు. ముల్లు ఎంత కిందికి దిగితే ఎర్తు అంత గట్టిదన్నమాట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముల్లు సున్నా దగ్గరికొచ్చి, ఇంకా కిందికి పోవాలని గింజుకుంది. ఆయన నా చేతులు కళ్లకద్దుకున్నాడు. అంతలో ఉరుములు. ఇంత లావు పిడుగు, ఊరంతా వదిలేసి సరిగ్గా మా ఇంటి మీదే పడింది. కుళాయి కింద మా ఆవిడ తల రుద్దుకుంటోంది. పిడుగు గొట్టంలోకి దిగింది, నా క్లాంపు చూసింది, బుద్ధిగా వైరు పట్టుకుని నేలలోకి పోయింది. పోతూ పోతూ నీళ్లు వెచ్చబెట్టి మరీ పోయింది. మా ఆవిడ గీజరు వేశాననుకుంది."

"అక్కని పలకరించలేదా పిడుగు?" అన్నాడు ఎదుటి బల్ల మీద కూర్చున్న అతని బావమరిది.

"నువ్వుండరా. అక్కడితో అయిపోయిందా? కరెంటాఫీసు పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. 'బాబూ, మీ క్లాంపు ఊరి కరెంటంతా లాగేసుకుంటోంది, కాస్త వదులు చెయ్యండి' అని ఒకటే ప్రాణం తీశాడు. పోనీలే పాపం అని అర చుట్టు వదిలా. అప్పుడు గానీ ఊళ్లో లైట్లు వెలగలేదు. ఇప్పుడు చెప్పు తమ్ముడూ, నీ పాపకి నీళ్లు పొయ్యడానికి అంతకంటే భద్రమైన చోటు భూమ్మీద ఉందా?"

దర్జీ మొహం విప్పారింది. తాళంచెవి జేబులో వేసుకోబోయాడు.

"అంతా బాగుంది బావా," అన్నాడు బావమరిది, "మరి నువ్వూ అక్కా రోజూ తువ్వాళ్లు భుజానేసుకుని మా ఇంటికొచ్చి స్నానం చేసి పోతున్నారెందుకు?"

ఎలక్ట్రీషియన్ గ్లాసు అడుగున మిగిలిన టీ చూసుకున్నాడు. "మీ ఇంటి నీళ్లు జుట్టుకి మంచివిరా."

దర్జీ లేచి నిలబడ్డాడు. "పద అన్నా. ముందు నువ్వు ఆ కుళాయి కింద స్నానం చెయ్యి, నేను తలుపు బయట నిలబడతా."

"ఇప్పుడా? టీ తాగిన వెంటనే ఒంటి మీద నీళ్లు పోసుకోకూడదు తమ్ముడూ."

దర్జీ తాళంచెవి తీసి అతని గ్లాసు పక్కన పెట్టాడు.

"ఇది ఇంటాయనకి నువ్వే ఇచ్చెయ్యి. రంగు గీకాక కబురు పెట్టు."