ముడుపు కట్టిన కాయితం

"రిజల్టొచ్చేక ఏటి సెయ్యాలో ఆ ఫోన్ని కాదమ్మీ అడగాల, నన్నడుగు," అన్నాడు పోతయ్య, అరుగు మీద కాలు మడిచి కూర్చుంటూ.

చేపల వేట నిషేధం రోజులు. ఒడిశా గంజాంలో పడవలన్నీ ఇసుక మీదికెక్కాయి, మగవాళ్ళందరూ అరుగుల మీదికెక్కారు. పోతయ్య కోతలకి ఏడాదిలో ఇంతకన్నా మంచి కాలం రాదు. ఆ పొద్దున అతని ముందు కూర్చున్నది బావమరిది కూర్మయ్య, కూర్మయ్య కూతురు సస్మిత.

సస్మిత గుమస్తా ఉద్యోగం పరీక్ష ప్యాసయింది. సోమవారం పది గంటలకి ఛత్రపూర్‌లో సర్టిఫికెట్లు చూస్తారు, ఒరిజినల్స్ తేకపోతే జాబితాలోంచి పేరు తీసేస్తారు. ఈవేళ శనివారం. ఒరిజినల్సేమో, మెట్రిక్ దగ్గర్నుంచి కాల్ లెటరు దాకా, కూర్మయ్య పసుపు గుడ్డలో మూటకట్టి అమ్మవారి పటం పక్కన వేలాడదీశాడు. ముడుపు. అమ్మవారి జాతర, వాళ్ళు యాత్ర అంటారు, అయ్యేదాకా విప్పకూడదు, దానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. పిల్ల రెండు రోజులుగా తిండి సరిగా తినడం లేదు.

కూర్మయ్యకి ఆ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందంటే పోతయ్య దగ్గర్నుంచే. ఇరవై ఏళ్ళుగా వింటున్న కథ అది. మీ మావ కూడా ఇలాగే కట్టేడు అని తండ్రి పట్టుపడితే, అయితే మావనే అడుగుదాం పద అని పిల్ల లాక్కొచ్చింది. గుమ్మంలో పోతయ్య పెళ్ళాం అమ్మడు కత్తిపీట ముందు కూర్చుని ఎండు చేపల తలలు తీస్తోంది. కూర్మయ్యకి ఆవిడ సొంత అక్క, అప్ప అని పిలుస్తాడు.

"నాకప్పుడు ఇరవయ్యొకటి," పోతయ్య మొదలెట్టాడు. "ఛత్రపూర్ సర్కారు కచేరీలో గుమస్తా పరీక్ష. రాసేను. గొప్పేటి కాదు, అందరూ రాసేరు, నానూ రాసేను. పేపర్లో నంబర్లేసేరు. అందరి నంబర్లూ సీమంత, నాది మాత్రం ఇదుగో, ఈ బొటనేలంత."

"నీదొక్కటీ అంతెందుకేసేరు మావా?" అంది సస్మిత.

"మార్కులు ఎన్నొచ్చేయో తెలిస్తే అలా అడగవు. నూటికి నూటపన్నెండు. ఆ పన్నెండూ ఏటంటే, ప్రశ్నల్లో ఆళ్ళు సేసిన తప్పులు నాను దిద్దేను, దానికి ఏరేగా ఏసేరు. సరే, వారానికి కవరొచ్చింది, సర్కారు ముద్రతోటి. ఇప్పబోతన్నాను, మాయమ్మ సెయ్యి పట్టుకుంది. వేటకెల్లేముందు వలకి మొక్కుతావు, ఇంత పెద్ద కవరొస్తే అమ్మోరు తల్లికి సూపించకుండానే సింపెత్తావేటిరా అంది. నిజమే గదా. పసుపు గుడ్డలో కట్టేను, తల్లి కాడ ఎట్టేను, యాత్ర అయ్యేకే ఇప్పుతానని మొక్కేను. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

కూర్మయ్యకి తెలుసు. అయినా తెలీదన్నట్టు తలాడించాడు.

"నాలుగోనాడు కచేరీ నుంచి బంట్రోతు సైకిలేసుకొచ్చేడు. అయ్యా, ఆజ్ఞా, పోతయ్య బాబు ఇల్లిదేనా అని. ముడుపు ఇప్పలేదు బాబూ, తరవాత రా అన్నాను. మర్నాడు జీపొచ్చింది. దాన్నీ పంపీసేను. ఆ ఎల్లుండి పెద్ద దొరే వచ్చీసేడు, బూట్లు సేత్తో పట్టుకొని ఇసకలో నడుసుకుంటా. ఇగో, కూర్మా, నువ్వు కూకున్న సోటే కూకున్నాడు. మీ అప్పే చద్దన్నం ఎట్టింది, కవ్వళ్ళ సేపల పులుసుతోటి. రెండోసారి మళ్ళా ఏయించుకున్నాడు. తిని సెయ్యి కడుక్కొని, పోతయ్య బాబూ మీరు లేకపోతే కచేరీలో ఒక్క ఫైలూ కదల్దు, రండి అన్నాడు. మీది గొప్ప కచేరీయే దొరా, గాని తల్లిది ఇంకా పెద్ద కచేరీ, అక్కడ సెలవియ్యాల అన్నాను."

అమ్మడు ఒక చేప తల తీసి బుట్టలో వేసింది. పులుసు మాట ఆవిడ చెవిన పడినట్టు లేదు.

"అప్పుడు భువనేశ్వర్ నుంచి ఆర్డరొచ్చింది. పోతయ్య కచేరీకి రాకపోతే కచేరీనే పోతయ్య కాడకి తోలండి అని. బండ్ల మీద ఏసేరు ఫైళ్ళు. రుషికుల్య ఏటి వంతెన ఎక్కీసరికి వంతెన కిర్రుమంది, ఇంజినీరొచ్చి ఆపీసేడు. ఇంక దారేటుంది, సముద్రమే. పెద్ద ఓడలో ఎక్కించి తెచ్చేరు. ఓడ ఒడ్డుకు రాదు, కెరటాలకి పడవ ఆగదు. అందరూ తల పట్టుకున్నారు. నానెల్లి ఏరు సముద్రంలో కలిసే మొగ కాడ నిలబడి ఒక్క ఈలేసేను."

"ఈలేస్తే?"

"తాబేళ్ళు లేచేయి. గుడ్లెట్టడానికొచ్చే కాలం గదా, ఆరు లచ్చల తాబేళ్ళు. ఒక్కోదాని ఈపు మీద ఒక్కో ఫైలు. వరస తప్పకుండా, తోసుకోకుండా, ఛత్రపూర్‌వి ముందు, భంజనగర్‌వి ఎనక. ఒక తాబేలు పొరపాట్న బరంపురం ఫైలు ఎత్తుకొచ్చీసింది. ఒడ్డు దాకా వచ్చేక సూసుకొని, మళ్ళా ఎనక్కెల్లి మార్సుకొచ్చింది."

"కాయితాలు తడవలేదా బావా?" అన్నాడు కూర్మయ్య, నిజంగానే తెలుసుకుందామని.

"సర్కారు కాయితంరా అది. ఎవుడెంత మొత్తుకున్నా దానికి ఏదీ అంటదు, నీరంటుతాదా? ఆ తర్వాత ఏటైందో తెలుసా? ఇసక మీద టేబుళ్ళు, కుర్సీలు, పైన ఫేన్లు."

"పైకప్పు లేకుండా ఫేన్లు దేనికి కట్టేరు మావా?"

"మబ్బులకి. నువ్వు మద్దెలో అడ్డుపడకమ్మీ. యాత్రయింది. ముడుపు ఇప్పేను. సంతకం ఎట్టమని పెన్ను నా సేతికిచ్చేరు. నాను సముద్రం ఏపు సూసేను, మా నాన్న పడవ ఏపు సూసేను, పెన్ను మూత ఎట్టేసేను. నాకొద్దు బాబూ, ఈ కుర్సీ ఇంకెవుడైనా లేనోడికియ్యండి అన్నాను. తాబేళ్ళు బోరుమన్నాయి. ఇప్పటికీ ఒడ్డుకొచ్చినప్పుడు ఆటి కళ్ళంట నీళ్ళు కారతాయి, నువ్వూ సూసుంటావు. జనం ఇసక పడిందనుకుంటారు. నా బాధ అది."

కూర్మయ్య గట్టిగా ఊపిరి పీల్చి కూతురి వైపు తిరిగాడు. "ఇన్నావా? ముడుపు కట్టినోడి కాడకి ఆళ్ళే వస్తారు. సోమారం నువ్వెల్లకపోతే మంగళారం ఆళ్ళే మనింటికొస్తారు."

సస్మిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళు బరంపురం బస్సులో నిలబడి కోచింగుకి వెళ్ళొచ్చిన పిల్ల అది. పోతయ్యనే చూస్తూ, మెల్లిగా అడిగింది.

"మావా, ఆ కవరు ఇప్పినప్పుడు లోపల ఏ తారీకుంది?"

ఎలాంటి ప్రశ్న వేసినా తడుముకోని మనిషి పోతయ్య. జేబులో చుట్ట కోసం వెతికాడు. చుట్ట చెవి మీదే ఉంది.

కత్తిపీట చప్పుడు ఆగింది.

"మీ మావకి గుర్తుండదులే, నాను సెప్తాను," అంది అమ్మడు. గొంతు పెంచలేదు. "అప్పటికి నాకు పెళ్ళయి మూడు నెలలు. ఆ ముడుపు ఇప్పింది ఈ సేతుల్తోనే. పద్దెనిమిదో తారీకున ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మని ఉంది. మేం ఇప్పింది ఇరవయ్యేడున. బంట్రోతు రాలేదు, జీపు రాలేదు. మీ మావే ఆ కాయితం పట్టుకొని ఛత్రపూర్ ఎల్లి, కచేరీ గేటు కాడ పొద్దున్నుంచి పొద్దోయే దాకా నిలబడ్డాడు. ఒక్క తాబేలూ రాలేదు."

పోతయ్య చుట్ట చేతిలోకి తీసుకున్నాడు గానీ వెలిగించలేదు.

"నిజమేనా బావా?" అన్నాడు కూర్మయ్య. ఇరవై ఏళ్ళ నమ్మకం కదా, ఒక్కసారిగా వదలడం కష్టం.

"నీళ్ళిచ్చేడు," అన్నాడు పోతయ్య. "గేటు కాడ కాపలావోడు. మంచోడే. రెండుసార్లు నీళ్ళిచ్చేడు."

కూర్మయ్య తల వంచుకున్నాడు. పిల్ల ఉద్యోగం కోసమే కట్టిన ముడుపు అది. ఇప్పుడు విప్పితే తల్లికి కోపం, విప్పకపోతే పిల్లకి అన్యాయం. ఆ మాటే అప్పతో అన్నాడు, మొక్కు తప్పితే ఎలాగ అని.

"మొక్కు తప్పమని ఎవులన్నారు?" అమ్మడు చేతులు కడుక్కుంటూ లేచింది. "తల్లి కాళ్ళకి దండమెట్టి ముడుపు ఇప్పు. అన్నీ జిరాక్సు తీయించి, జిరాక్సులు మళ్ళా ఆ గుడ్డలోనే కట్టు. తల్లి మనల్ని పుట్టిన కాడ్నుంచి ఎరుగును, ఆవిడకి జిరాక్సు సాలు. మనల్ని ఎరగనోళ్ళకే ఒరిజినల్ సూపించాల."

కూర్మయ్య ఆ మాట రెండుసార్లు మనసులో తిప్పుకున్నట్టున్నాడు. లేచి, కండువా దులుపుకుని, ఇంటి వైపు నడిచాడు. వెనకే సస్మిత, పరుగులాంటి నడకతో. వీధి మలుపు దాకా వెళ్ళిన పిల్లని పోతయ్య పిలిచాడు.

"అమ్మీ, సోమారం ఏడు గంటలకి బండి తెస్తాను. నాతో రా."

"నీకెందుకు మావా శ్రమ? నాన్న వస్తాడు."

"మీ నాన్నకి అక్కడేటి తెలుసు? లోపల ఏటుంటాదో నాకూ తెల్దనుకో. గేటు దాకా తోవ మాత్రం నాకన్నా ఎరిగినోడు గంజాం మొత్తం మీద లేడు."

ఆ కోతకి మాత్రం అమ్మడు అడ్డు చెప్పలేదు.